వెనిస్‌కు అమ్మానాన్నలతో ఏప్రిల్‌లో వెళ్లడం మంచిదా, అక్టోబరులోనా?

నమస్కారం. మా అమ్మానాన్నలను వచ్చే సంవత్సరం అయిదు రోజుల పాటు వెనిస్‌కు తీసుకువెళ్లాలనుకుంటున్నాను. ఏ నెల అనుకూలమో అక్కడ నివసించేవారు, వెళ్లి వచ్చినవారు దయచేసి చెప్పగలరు.

జులై, ఆగస్టు నెలలను ముందే పక్కన పెట్టాను. ఎండ సుమారు 30 డిగ్రీలే అయినా, చుట్టూ ఉప్పునీటి మడుగు ఉన్నందువల్ల, విజయవాడ ఉక్కపోత నుంచి బయలుదేరి మరో ఉక్కపోతలో దిగినట్టవుతుంది.

నా అసలు సందేహం అక్టోబరు గురించి. శరదృతువు నుంచి శీతాకాలం దాకా సముద్రపు పోటుకు ఆగ్నేయం నుంచి వీచే సిరోకో గాలి తోడైతే ‘ఆక్వా ఆల్తా’ అనే ముంపు వస్తుందని, 2019 నవంబరులో నీటి మట్టం 187 సెంటీమీటర్లకు చేరిందని చదివాను. 2020 అక్టోబరు నుంచి సముద్రపు పోటును ఆపే ‘మోసే’ (MOSE) అనే కదిలే అడ్డుగోడలు పనిచేస్తున్నాయి గానీ, అవి సాధారణంగా 110 సెంటీమీటర్ల మట్టం వస్తుందన్న అంచనా ఉన్నప్పుడే పైకి లేస్తాయి. పల్లంలో ఉన్న నగర ప్రధాన కూడలి సెయింట్ మార్క్స్ స్క్వేర్‌లోకి అంతకంటే తక్కువ మట్టానికే నీరు చేరుతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్ల వంతెనలు ఎక్కి దిగడమే ఆమెకు కష్టం. ఆపైన తడి రాళ్ల మీద, ముంపు వేళ వేసే ఎత్తు బల్లల మీద నడిపించడానికి నాకు మనసొప్పడం లేదు.

అక్టోబరు మొదటి వారంలో ఈ ఇబ్బంది తక్కువగా ఉంటుందా? ఏప్రిల్ చివరిలో వెళితే వాన వల్ల రోజంతా గదిలో కూర్చోవలసి వచ్చిందా? సాయంత్రం పడవ ప్రయాణానికి పెద్దవాళ్లకు ఎలాంటి చలిబట్టలు అవసరమయ్యాయో కూడా తెలియజేయగలరు.