బతుకమ్మ తొమ్మిది రోజులు, తొమ్మిది పాత చీరలు: ఏది కట్టవచ్చు, ఏది కట్టకూడదు?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. ఈసారి మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ నుంచి చివరి రోజు సద్దుల బతుకమ్మ దాకా రోజుకొక పాత చీర కట్టాలని పట్టుదలగా ఉన్నాను. కొత్తది ఒక్కటి కూడా కొనను. చీరకు కనీసం పాతికేళ్ల వయసు ఉండాలి, ఒకసారి కట్టింది మళ్లీ కట్టకూడదు. ఇవి నాకు నేను పెట్టుకున్న నియమాలు.

అమ్మమ్మ పోయి రెండేళ్లయింది. ఆమె ట్రంకు పెట్టెను మొన్నటిదాకా ఎవరూ తెరవలేదు. అమ్మ, అత్తమ్మ కూడా తమ బీరువాల్లోంచి కొన్ని తీసి ఇచ్చారు. మొత్తం పదకొండు తేలాయి: అమ్మమ్మ పెళ్లినాటి మెరూన్ పట్టుచీర, ఆమెదే ఒక గద్వాల చీర, అమ్మవి పోచంపల్లి పట్టు ఒకటి, నారాయణపేట నూలు చీరలు రెండు, వాయిల్ చీరలు రెండు, అత్తమ్మవి సిద్దిపేట గొల్లభామ చీర ఒకటి, నైలాన్ చీరలు మూడు.

ఇబ్బందులు ఇవి. అన్నిటికీ కలరా ఉండల వాసన గట్టిగా ఉంది. పెళ్లి చీర మడతల దగ్గర సన్నగా చీలినట్టు కనిపిస్తోంది, జరీ నల్లబడింది. గద్వాల చీర మీద రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ ఉంది. అమ్మ జాకెట్లు నాకు బిగుతు. పండుగకు ఇంకా పది రోజులే ఉంది. పెళ్లి చీరను సద్దుల రోజున పద్మాక్షి గుడి దగ్గరికి కట్టుకుని వెళ్లాలన్నది నా కోరిక. దారి చెప్పండి.

సమాధానం (కరీంనగర్ నుంచి)

చెల్లీ, ముందుగా ఒక మాట. ఏ చీర ఏ రోజు అనేది ఇప్పుడే రాసుకోకండి. ఏ చీరకు ఎంత బలం మిగిలిందో చూశాక రాసుకోండి. మా అమ్మ పట్టుచీరను నేను పరీక్షించకుండా పెళ్లికి కట్టుకెళ్లాను. భోజనాలకు కూర్చోగానే నడుము దగ్గర జానెడు చిరిగింది. ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది. మీకు ఆ బాధ వద్దు.

వాసన సంగతి తేలిక. కలరా ఉండ గాలికి ఆవిరైపోయే వస్తువు కాబట్టి గాలే దానికి మందు. నీడలో, మంచం మీద పాత దుప్పటి పరిచి దాని మీద చీరలను వదులుగా విప్పి రెండు మూడు రోజులు ఉంచండి. ఫ్యాను వేయండి. పట్టును ఎండలో వేయకండి, రంగు వెలుస్తుంది. వాసన పోవాలని అత్తరు, సెంటు చల్లితే జరీ ఇంకా నల్లబడుతుంది.

ఇక పరీక్ష. చీరను ఎత్తి పట్టుకుని దులపకండి. పాత పట్టుకు దాని బరువే శత్రువు. పరుపు మీద పెట్టి ఒక్కొక్క మడతా విప్పండి. లోపలి చెంగు దగ్గర, అంటే బొడ్లో దోపుకునే చోట, మడత గీతకు అటూ ఇటూ రెండు బొటనవేళ్లు ఆనించి చాలా మెల్లగా పక్కలకు లాగండి. దారాలు కాస్త సాగి మళ్లీ చేరితే బలం ఉన్నట్టు. ఎండుటాకులా చిరచిరమంటూ దారాలు విడిపోతే ఆ చీర ఒంటి మీదికి రాకూడదు. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టు ఆ గీత వెంబడే తెగుతుంది. అందుకే పట్టుచీరలను మూడు నాలుగు నెలలకొకసారి మడత మార్చి పెట్టమనేవారు మన పెద్దలు.

జరీ నలుపు గురించి. అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసినది. గాలి తగిలి నల్లబడుతున్నది ఆ వెండే. చింతపండుతోనో పళ్లపొడితోనో తోమితే నలుపుతో పాటు పైపూత కూడా పోతుంది. అలాగే వదిలేయండి, పాత జరీకి ఆ మసక వెలుగే అందం. వీధిలో పాత పట్టుచీరలు కొంటామని వచ్చేవారికి మాత్రం ఇవ్వకండి. వాళ్లు దాన్ని కాల్చి వెండి తీసుకుంటారు.

సమాధానం (వరంగల్ కొత్తవాడ నుంచి)

మాది నేతపని కుటుంబం. మా ఇంట్లో జంపఖానాలు నేస్తారు. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలు అవే. చీరలు మా పని కాకపోయినా పడుగు, పేక (నిలువు, అడ్డ దారాలు) తెలిసినవాళ్లం కాబట్టి చెబుతున్నాను.

గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచులు, కొంగు పట్టు. నీళ్లు తగిలితే నూలు ఒకలా, పట్టు ఒకలా ముడుచుకుంటాయి. ఆ మచ్చ కోసం చీర మొత్తం నానబెట్టారంటే అంచు ముడతలు పడుతుంది, అంచు రంగు చీర ఒంటికి అంటవచ్చు. అసలు అది ఏ మచ్చో చూడండి. ఇనప పెట్టె కదా, తుప్పు మచ్చ అయి ఉండవచ్చు. తుప్పు సబ్బుకు పోదు. నిమ్మరసం, ఉప్పు రాస్తే తెల్ల నూలు మీద పోతుంది గానీ రంగు బట్ట మీద ఆ చోటంతా వెలిసిపోతుంది. కుచ్చిళ్ల లోపలికి వచ్చేలా కట్టుకోవడమే మేలు. చీరను ఒంటికి చుట్టి చూసుకుని మచ్చ ఎక్కడ పడుతుందో గమనించండి. అవసరమైతే కుచ్చిళ్లు ఒకటి రెండు ఎక్కువ పెట్టండి.

పోచంపల్లి చీరకు భయపడనక్కర్లేదు. దారానికే చిటికి కట్టి, అంటే అక్కడక్కడా బిగించి ముడులు వేసి, రంగులద్ది ఆ తర్వాత నేస్తారు కాబట్టి రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, రంగు లోపలిదాకా ఉంటుంది. వెనక వైపు బొమ్మ వెలవెలబోతే అది అచ్చు వేసినది. 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి పోచంపల్లి పేరుతో అమ్మే అచ్చు చీరలూ పెరిగాయి, మీది పాతికేళ్ల కిందటిది కాబట్టి నేసినదే అయి ఉంటుంది. అయినా తిప్పి చూడండి.

నూలు చీరలకు పాత గంజి ఉంటే ఒకసారి ఉతికి తీసేయండి. గంజికే పురుగు పడుతుంది. కట్టే ముందు కొత్తగా పల్చటి గంజి పెట్టుకోవచ్చు, పండుగ అయ్యాక మళ్లీ గంజి లేకుండా ఉతికి దాచండి.

అడిగినవారు

ఎంతో మేలు చేశారు. మచ్చ తుప్పే, పెట్టె మూలలో అలాంటిదే గుర్తు కనిపించింది. పోచంపల్లి చీర తిప్పి చూశాను, రెండు వైపులా ఒకటే. జాకెట్ల మాట ఎవరైనా చెప్పండి. పూల రంగులు, పసుపు అంటితే ఏం చేయాలో కూడా చెప్పండి. నైలాన్ చీరలతో దీపాల దగ్గర తిరగడం అత్తమ్మకు భయంగా ఉంది.

సమాధానం (జనగామ నుంచి, కుట్టుపని చేస్తాను)

పాత జాకెట్లలో పక్క కుట్ల లోపల గుడ్డ వదిలేవాళ్లం. తిప్పి చూస్తే ఒక్కో పక్క అంగుళం దాకా ఉంటుంది. పాత కుట్టు విప్పి బయటికి కుట్టించండి. పట్టు జాకెట్టు చంకలో పెళుసుబారి ఉంటే దాన్ని కదిలించకండి, ఒక నల్ల నూలు జాకెట్టు, ఒక తెల్ల నూలు జాకెట్టు ఉంటే తొమ్మిది రోజులూ సరిపోతాయి. భుజం మీద పిన్నీసు నేరుగా పాత చీరకు గుచ్చవద్దు. లోపల చిన్న గుడ్డముక్క పెట్టి రెండింటినీ కలిపి గుచ్చండి.

అత్తమ్మ భయం సరైనదే. నైలాన్ మంటకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. దీపం వెలిగించే సాయంత్రం ఆ చీర కట్టకండి. ఆ మూడింటినీ ఈ తొమ్మిదిలోంచి తీసేయండి, లేదా పగలు మాత్రమే కట్టండి.

సమాధానం (కరీంనగర్ నుంచి)

పూల రంగుల విషయం నాకు బాగా తెలుసు, ఏటా తాంబాళం పేర్చేది నేనే. అసలు ప్రమాదం గునుగు పువ్వు. కొసలకు రంగులద్ది తడిగానే వరసలు పేరుస్తాం. తాంబాళం ఎత్తి నడుముకు ఆనించుకున్నప్పుడు ఆ గులాబీ నీళ్లు సరిగ్గా కుచ్చిళ్ల మీద కారుతాయి. గునుగుకు ముందురోజే రంగు వేసి పూర్తిగా ఆరనివ్వండి. పేర్చేటప్పుడు పాత చీరమీద తువ్వాలు చుట్టుకోండి. రంగు పడితే రుద్దకుండా తెల్ల గుడ్డతో అద్దండి.

తంగేడు, బంతి పుప్పొడి అంటితే తడి చేయకండి. ఆరనిచ్చి దులపండి, మిగిలింది అంటుకునే టేపుతో తీయండి. పసుపు గౌరమ్మ దగ్గర తగిలే పసుపుకు సబ్బు పెట్టారో, ఎర్రటి మచ్చ అవుతుంది. సబ్బులోని క్షారానికి పసుపు ఎర్రబడుతుంది. నూలు చీర అయితే చల్లటి నీళ్లతో జాడించి ఎండలో వేయండి, పసుపు ఎండకు వెలుస్తుంది. పట్టు మీద పడితే పొడి దులిపి ఊరుకోండి, తర్వాత పట్టు ఉతికే చోట చూపించండి.

చీరల వరసకు నాదొక సలహా. ఎంగిలిపూల రోజున వేయి స్తంభాల గుడి దగ్గర ఎంత జనమో మీకు తెలుసు. ఆ రోజు గట్టి నూలు, అంటే నారాయణపేట. సద్దుల రోజు చెరువు గట్టున బురద ఉంటుంది, వంగి లేస్తూ గంటల తరబడి చప్పట్లు కొడతాం. నడుము దగ్గర, మడమ కింద చీర మీద పడే లాగుడు ఇంకే పండుగకూ పడదు. పోచంపల్లి గట్టి పట్టు కాబట్టి ఆ రోజుకు అది ఉంచండి. గద్వాల, గొల్లభామ, వాయిల్ మధ్య రోజులకు. పెళ్లి చీర పరీక్ష ఫలితం రాయండి.

అడిగినవారు

పొద్దున అమ్మా నేనూ కూర్చుని పరీక్షించాం. లోపలి చెంగు దగ్గరే దారాలు విడిపోయాయి. మీరు చెప్పిన చిరచిర వినిపించింది. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. రఫూ చేయించవచ్చా?

సమాధానం (వరంగల్ కొత్తవాడ నుంచి)

ఒక చోట చిరిగితే రఫూ చేయవచ్చు. పడుగంతా బలం కోల్పోయిన బట్టకు సూది పోటే కొత్త చీలిక అవుతుంది. వద్దమ్మా. కొంగు బాగుంటే ఆ భాగం వెనక పల్చటి నూలు అస్తరు వేయించి నిలుపుకోవచ్చు, దానికి తొందర లేదు. చీరను కత్తిరించకండి.

అడిగినవారు

సరే, కట్టను. లెక్క మళ్లీ చూసుకున్నాను. నైలాన్ చీరలు, పెళ్లి చీర తీసేస్తే ఏడు మిగిలాయి. మా పిన్ని దగ్గర ఒక నారాయణపేట చీర దొరికింది, ఎనిమిది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మను పేర్చరు, ఆడరు. ఆ రోజు అమ్మమ్మ చీరది. కట్టకుండా అమ్మ, అత్తమ్మ, నేను కలిసి ఇంట్లోనే విప్పి, గాలికి ఆరబెట్టి, మళ్లీ దాస్తాం. మడతలు పెట్టకుండా దాచే మార్గం ఏదైనా ఉందా?

సమాధానం (కరీంనగర్ నుంచి)

ఉంది. బట్టల దుకాణంలో తానులు చుట్టి వచ్చే అట్ట గొట్టం అడగండి, ఊరికే ఇస్తారు. చీర పన్నా (వెడల్పు) కన్నా కాస్త పొడుగుండాలి. దానికి ముందు ఉతికిన తెల్లటి మల్లు గుడ్డ రెండు చుట్లు చుట్టండి, అట్ట నేరుగా పట్టుకు తగలకూడదు. ఒకరు గొట్టం తిప్పాలి, ఇద్దరు రెండంచులూ పట్టుకుని ముడత పడకుండా అందించాలి. ముగ్గురున్నారు కాబట్టి సరిపోతుంది. జరీ జరీకి రాసుకోకుండా కొంగు దగ్గర మధ్యలో ఇంకో పొర గుడ్డ వేయండి. పైన మళ్లీ గుడ్డ చుట్టి నాడాతో వదులుగా కట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, తేమ లోపలే నిలుస్తుంది. కలరా ఉండలు కూడా వద్దు, ఎండిన వేపాకు చిన్న గుడ్డసంచిలో కట్టి పక్కన పెట్టండి. తుప్పు పట్టిన ఆ ఇనప పెట్టెలో మాత్రం తిరిగి పెట్టకండి.