రజియా వెండి టంకా: ఢిల్లీదా, బెంగాల్‌లోని లఖ్నౌతీదా?

తాతగారి డబ్బాలో దొరికిన నాణెం ఇది. బరువు 10.8 గ్రాములు, అయస్కాంతానికి అంటదు, నీళ్లలో తూచి చూస్తే సాంద్రత 10.3, అంటే వెండికి దగ్గరే. ఒక పక్క ఖలీఫా అల్ ముస్తన్‌సిర్ పేరుంది. రెండో పక్క ‘జలాలత్ అద్దున్యా వద్దీన్’ అన్న బిరుదు, దాని కింద తండ్రి ఇల్తుత్‌మిష్ పేరు స్పష్టంగా ఉన్నాయి. కాబట్టి 1236-40 మధ్య ఏలిన రజియాదే అనుకుంటున్నా. ఒక డీలరైతే చేతిలోకి తీసుకోకుండానే నకిలీ అనేశాడు!

చిక్కంతా అంచు దగ్గరే. టంకసాల పేరు, హిజ్రీ సంవత్సరం ఉండాల్సిన చుట్టురాత కొంత అరిగిపోయింది, కొంత అచ్చులోనే బిళ్ల దాటిపోయింది. పక్కనుంచి టార్చి వేసి ఫొటోలు తీశా, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దా. రెండు మూడు నిలువు గీతలు తప్ప ఏమీ తేలలేదు.

అంచు రాత లేకుండా, నడిమి అక్షరాల తీరును బట్టి ఢిల్లీ టంకాను లఖ్నౌతీ టంకా నుంచి వేరుచేసే గుర్తు ఏదైనా ఉందా?