ధర్మాసుపత్రి అన్నారు, మరి బిల్లు ఎందుకు?

రాయగడ కుర్రాడు: మా పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్. విశాఖ అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రికి తీసుకెళ్దామనుకుంటున్నాం. లాభాపేక్ష లేనిదంటున్నారు, మరి డబ్బెందుకు కట్టాలి? మన ఒడిశా కార్డు అక్కడ చెల్లుతుందా? ఒకటే టెన్షన్.

పర్లాకిమిడి మాష్టారు: బాబూ, లాభాపేక్ష లేదంటే ఉచితమని కాదు. మిగిలింది ఎవరూ వాటాలేసుకోరు, తిరిగి ఆసుపత్రికే పోతుంది, అంతే తేడా. రేడియేషన్ మెషీన్ ఒక్కదానికే కోట్లు, ఆపైన జీతాలు, కరెంటు, మందులు. అగనంపూడిది ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లదే. ఆ ముంబై ఆసుపత్రి 1941లో ట్రస్టు సొమ్ముతో మొదలై, 1962లో అణుశక్తి శాఖ కిందికి వచ్చింది. అందుకే ప్రభుత్వ నిధులూ ఉంటాయి, దాతల డబ్బూ ఉంటుంది. ముంబైలో జనరల్, ప్రైవేటు అని రెండు రకాలు, ప్రైవేటు వాళ్లు ఎక్కువ కడతారు.

గుణుపురం అక్క: కార్డు సంగతి నేను చెప్తా. 2025లో ఒడిశా కూడా కేంద్ర ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్‌లో చేరింది, ఏడాదికి కుటుంబానికి 5 లక్షలు, జాబితాలో ఉన్న బయటి రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. అయినా బయల్దేరే ముందే ఫోన్ చేసి అడుగు తమ్ముడూ. మా నాన్నకి వైద్యం కంటే లాడ్జికీ తిండికే ఎక్కువైంది, అది కార్డులో రాలేదు.

రాయగడ కుర్రాడు: సరే అక్కా, రేపే చేస్తా.