అమెరికా పొలం పని వీసాకు 18 లక్షలా? గోడ కట్టుకునే దేశం కూలీలను ఎందుకు పిలుస్తది?

హాలియా_బత్తాయి:
మా దిక్కు వాట్సాప్ గ్రూపుల్ల ఒక కాగితం తిరుగుతున్నది. "అమెరికాలో వ్యవసాయ పని, హెచ్-2ఏ వీసా, ఇంగ్లిష్ అక్కర్లేదు, 8 నెలల కాంట్రాక్టు, గంటకు 15 డాలర్లు, మొత్తం ఖర్చు 18 లక్షలు, సగం ముందుగాల." హాలియా, దేవరకొండ పక్కల పోరగాళ్లు పాస్‌పోర్టులు తీసి పెట్టుకుంటున్నరు. తెలిసినోళ్లను రెండు అడుగుతున్న. ఒకటి, అసలు ఇట్లాంటి వీసా ఉన్నదా, ఉంటే పైసలు ఎందుకు ఇంత? రెండోది, 2025 ఫిబ్రవరిలో సంకెళ్లు వేసి మిలిటరీ విమానంల అమృత్‌సర్‌కు దింపిన దేశమే పొలం పనికి మనుషులు కావాలంటదా? మన నాట్లకు బీహార్, బెంగాల్ జట్లు రైలెక్కి వస్తున్నయి, ఏ కాగితం లేదు. అమెరికాకు ఇంత లొల్లి ఎందుకు?

కాన్సులేట్_లైను:
అన్నా, వీసా నిజం. 18 లక్షలు మోసం.

హెచ్-2ఏ 1986 చట్టంతో వచ్చిన సీజన్ పని వీసా. ఏడాదికి ఇన్నే అని పరిమితి లేదు. మొన్నటిదాకా అర్హత ఉన్న దేశాల జాబితా అని ఒకటుండేది, అందులో ఇండియా లేదు. 2025 జనవరి 17 నుంచి ఆ జాబితానే ఎత్తేశారు. "ఇండియాకు ఓపెన్ అయింది" అని ఏజెంట్లు పట్టుకున్న కొస ఇదే. అయితే దరఖాస్తు మొదలుపెట్టేది కూలీ కాదు, ఏజెంటూ కాదు. అక్కడి రైతు.

పని తేదీకి 75 నుంచి 60 రోజుల ముందు ఆ రైతు తన రాష్ట్ర కార్మిక శాఖకు జాబ్ ఆర్డర్ ఇవ్వాలి. కనీసం 45 రోజుల ముందు కేంద్ర కార్మిక శాఖకు 9142ఏ ఫారం పెట్టాలి. స్థానికులు దొరకడం లేదని చూపాలి. కాంట్రాక్టు సగం గడిచేదాకా అర్హత ఉన్న స్థానికుడు ఎవరొచ్చినా పని ఇవ్వాల్సిందే. ఇమిగ్రేషన్ శాఖలో ఐ-129 పిటిషన్ కూడా పెట్టాలి, కార్మిక శాఖ సర్టిఫికెట్ లేకుండా అది పాసవదు. అది పాసైతేనే కూలీ డీఎస్-160 వీసా దరఖాస్తు నింపి, 205 డాలర్ల వీసా ఫీజు కట్టి, ఇంటర్వ్యూకు వెళ్లేది. అంటే మొదటి మూడు మెట్ల మీద మన పోరడికి పనే లేదు. ముందే సగం పైసలు అడిగేటోడిని "పిటిషన్ పాసైందా, రైతు పేరేంది?" అని అడిగితే అక్కడే నీళ్లు నములుతాడు.

ఇక పైసల సంగతి. కూలీ దగ్గర రిక్రూట్‌మెంట్ ఫీజు తీసుకోవడం అమెరికా చట్టంలో నిషేధం. రైతు తీసుకున్నా, ఏజెంటు తీసుకున్నా, వాడి కింద సబ్ ఏజెంటు తీసుకున్నా పిటిషన్‌కే ఎసరు. కాన్సులేట్‌లో "ఎవరికైనా డబ్బు కట్టావా?" అని అడుగుతారు. కట్టానంటే వీసా ఆగుతుంది, కట్టలేదని అబద్ధమాడి దొరికితే ఇక ఎప్పటికీ రావద్దని ముద్ర పడుతుంది. ఏజెంటు నేర్పి పంపేది ఆ రెండోదే.

ఇల్లు ఉచితంగా ఇవ్వాలి. పనిముట్లు, ఇంటి నుంచి చేనుకు బండి రైతువే. వంటగది ఇవ్వాలి, లేదంటే మూడు పూటలా తిండి పెట్టి ప్రభుత్వం చెప్పిన రేటు వరకే కూలిలో పట్టుకోవాలి. వచ్చిన దారి ఖర్చు సగం కాంట్రాక్టు అయ్యేసరికి తిరిగి ఇవ్వాలి, పూర్తయితే పోయే ఖర్చూ ఆయనదే. కాంట్రాక్టులో రాసిన గంటల్లో నాలుగింట మూడొంతుల పనికి గ్యారంటీ ఉంటుంది.

లెక్క వేసుకోండి. గంటకు 15 డాలర్లు, వారానికి 40 గంటలు, 8 నెలలంటే 35 వారాలు: 21,000 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 17 లక్షల 85 వేలు. వానలు పడి పని తగ్గి గ్యారంటీ గంటలే దక్కితే 15,750 డాలర్లు, అంటే దాదాపు 13 లక్షల 40 వేలు. తిండి ఖర్చు ఇంకా తీయలేదు. ఇక్కడ 18 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 36 వేలు మిత్తి. సీజనంతా చేసినా అసలే తీరదు. తీరదు కాబట్టే కాంట్రాక్టు అయ్యాక తిరిగి రాకుండా అక్కడే దాక్కుంటారు. అది తెలిసే ఆఫీసర్ కూడా "ఇతను తిరిగొస్తాడా" అని తరచి చూస్తాడు. ఐటీ వాళ్ల హెచ్-1బీకి ఆ షరతు లేదు, హెచ్-2ఏకు ఉంది.

ఇంకోటి, అమెరికా జార్జియా రాష్ట్రపు రైతు దేవరకొండ దాకా ఎందుకొస్తాడు? హెచ్-2ఏలో పదింట తొమ్మిది మంది మెక్సికో వాళ్లే. అక్కడి మాంటెర్రే నగరంలో వీసా వేయించుకుని బస్సెక్కుతారు. మనిషికి రెండు వైపులా విమానం టికెట్ పెట్టుకునే రైతు అరుదు.

అయినా ఆశ ఉంటే ఇట్లా చూసుకోండి. ప్రతి జాబ్ ఆర్డర్ అమెరికా కార్మిక శాఖ సీజనల్ జాబ్స్ సైట్‌లో అందరికీ కనిపిస్తుంది. కేసు నంబరు హెచ్-300 తో మొదలవుతుంది. ఏజెంటును ఆ నంబరు అడిగి, పొలం పేరు, జీతం, తేదీలు కలుస్తున్నాయా చూడండి. వీసాకు దరఖాస్తు పెట్టే నాటికే కాంట్రాక్టు కాపీ కూలీకి అర్థమయ్యే భాషలో చేతికివ్వాలని రూలు. మన వైపు 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు విదేశీ పనికి మనుషులను తీసుకోవడమే నేరం. రిజిస్టరైన వాళ్ల పేర్లు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటాయి. మన చట్టం ఏజెంటుకు 30 వేలు, పైన జీఎస్టీ దాకా ఒప్పుకుంటుంది. అమెరికా చట్టం అదీ ఒప్పుకోదు. హైదరాబాద్‌లో విదేశీ ఉద్యోగాలు చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, ముందు అక్కడ అడగండి.

గుత్తపని_కల్వకుర్తి:
రెండో ప్రశ్నకు నేను చెప్త.

బీహార్ జట్టుకు కాగితం అక్కర్లేదంటే అది రాజ్యాంగం 19వ అధికరణం చలవ. దేశంల ఎక్కడైనా తిరుగుడు, పని చేసుడు హక్కు. మన పాలమూరు లేబర్ బొంబాయి, పుణె పోయినప్పుడు కూడా అదే హక్కు మీద పోయిండ్రు. కల్వకుర్తి, నెట్టెంపాడు నీళ్లు వచ్చినంక వరి పెరిగింది, ఇప్పుడు ఆ వలసల జిల్లాకే బయటి జట్లు వస్తున్నయి. మధ్యల అంతర్జాతీయ సరిహద్దు ఉంటే మనోళ్లంతా అప్పుడు అక్రమ వలసదారులే.

అమెరికాల పంట పనోళ్లలో సుమారు 40 శాతం మందికి పని చేసే కాగితాలు లేవు. ఇది దాచిన ముచ్చట కాదు, వాళ్ల ప్రభుత్వ సర్వే చెప్పేదే. ఎట్ల నడుస్తది అంటే, 1986 నుంచి పనికి పెట్టుకునేటప్పుడు, పని చేసే హక్కు ఉన్నదని కాగితాలు చూసి ఐ-9 ఫారం నింపాలె. కాని కాగితం చూస్తే నిజందే అనిపిస్తే చాలు, అసలైందా అని తవ్వే బాధ్యత రైతుది కాదు. మధ్యల లేబర్ కాంట్రాక్టర్ ఉంటడు, అచ్చం మన మేస్త్రీ లెక్క. దొంగ కార్డు బయటపడితే రైతు కాంట్రాక్టర్‌ను చూపిస్తడు, కాంట్రాక్టర్ కూలోన్ని చూపిస్తడు. 2025 జూన్‌ల పొలాల మీద దాడులు చేస్తే రైతులు మొత్తుకున్నరు, కొన్ని రోజులు ఆపిండ్రు, మళ్ల మొదలుపెట్టిండ్రు.

ఇగ గోడ. మెక్సికో సరిహద్దు 3,145 కిలోమీటర్లు. 2021 నాటికి కంచె ఉన్నది దాంట్ల మూడో వంతుకు కొంచెం ఎక్కువ. 2025 జూలై చట్టంల ఇంకో 4,650 కోట్ల డాలర్లు పెట్టిండ్రు. టెక్సాస్‌ల సరిహద్దే రియో గ్రాండే నది. వరద పారే జాగల గోడ కడితే నీళ్లు మెక్సికో మీదికి మళ్లుతయి, దానికి 1970 ఒప్పందం అడ్డం. ఒడ్డు భూములు ప్రైవేటువి, భూసేకరణ కేసులు ఏండ్లు నడుస్తయి (మన ప్రాజెక్టుల ముంపు కేసులు చూసినోళ్లకు చెప్పనక్కర్లేదు). అరిజోనాల వానకాలం చెత్త కొట్టుకొచ్చి ఇనుప కడ్డీలకు అడ్డం పడితే కంచె కూలుతదని, వాగుల కాడ గేట్లు పెట్టి తెరిచి ఉంచుతరు. 30 అడుగుల కడ్డీని కరెంటు రంపంతో కోస్తరు, శాన్ డియేగో కాడ సొరంగాలు తవ్వుతరు. వీసా మీద విమానంల దిగి గడువు దాటినా ఉండిపోయేటోళ్లకైతే గోడతో సంబంధమే లేదు.

అసలు దెబ్బ ఇంకోటి. ఒకప్పుడు మెక్సికో కూలోళ్లు సీజన్‌కు వచ్చి, పని అయిపోతే ఇంటికి పోయేటోళ్లు. 1994 నుంచి కాపలా గట్టిగ చేసినంక దాటించేటోళ్ల రేటు పెరిగింది, ఒకసారి దాటినోడు మళ్ల ఆ ఖర్చు, ఆ ప్రాణభయం ఎందుకని అక్కడే ఉండి పెండ్లాం పిల్లల్ని తెచ్చుకున్నడు. కాగితాలు లేనోళ్లు 1990 సంవత్సరంల 35 లక్షలు ఉంటే 2007 నాటికి కోటీ 22 లక్షలయిండ్రు. ఆపుదామని కట్టింది, ఉన్నోళ్లను పోనీయకుండ చేసింది.

చట్టం_మాట:
గుత్తపని అన్న చెప్పిన దాంట్లో ఒక వైపే ఉంది. కాపలా పెరిగిన ఆ ఏళ్లలోనే అమెరికాలో ఇండ్ల నిర్మాణం, హోటళ్లు జోరు మీదున్నాయి. పని గుంజుకుంది కాబట్టి వచ్చారు, మొత్తం గోడ మీద తోస్తే ఎట్లా? కాగితాలు లేని చేతులు చవకగా దొరికినంత కాలం రైతు హెచ్-2ఏ కింద ఇల్లు, బస్సు, టికెట్ ఖర్చు ఎందుకు పెడతాడు? కట్టడి పెరిగాకే ఆ దారి పట్టారు: 2005లో 48 వేల ఉద్యోగాలకు అనుమతి ఇస్తే 2023లో 3 లక్షల 78 వేలకు ఇచ్చారు. చేతులు తగ్గితే మిషన్లు కూడా వస్తాయి. 1942 నుంచి నడిచిన మెక్సికో కూలీల బ్రసెరో పథకాన్ని 1964లో ఆపేశాక, కాలిఫోర్నియాలో కొన్నేళ్లలోనే టమాటా కోత దాదాపు మొత్తం మిషన్ కిందికి వచ్చింది.

గుత్తపని_కల్వకుర్తి:
హెచ్-2ఏ పెరిగిన మాట ఒప్పుకుంట. కాని ఆ టమాటా సాస్‌కు పోయే టమాటా తమ్మీ. మిషన్‌కు తట్టుకునేటట్టు, కాయలన్నీ ఒక్కసారే పండేటట్టు ముందుగాల విత్తనమే మార్చిండ్రు. స్ట్రాబెర్రీకి అది ఇప్పటికీ కుదరలే. మన దగ్గరనే చూడు: వరికి కోత మిషన్ వచ్చింది, పత్తి మాత్రం చేతితోనే ఏరుతున్నం, ఎందుకంటే కాయ ఒక్కసారి పగలదు, మూడు నాలుగు సార్లు ఏరాలె. 1964 తర్వాత అక్కడి స్థానిక కూలి రేట్లు ఆ పథకం ఆపినందుకు పెరగలేదని తర్వాత లెక్క తీసిన ఆర్థికవేత్తలు తేల్చిండ్రు. రైతులు మిషన్ కొన్నరు, లేదంటే పంట తగ్గించుకున్నరు. 2011ల జార్జియా రాష్ట్రం గట్టి చట్టం తెస్తే కూలోళ్లు బెదిరి పోయిండ్రు, తోటల కాయ చెట్టుకే ఉన్నది. జైలు బదులు ప్రొబేషన్ మీద ఉన్నోళ్లను పంపిస్తే చాలామంది ఎండకు ఆగక వెళ్లిపోయిండ్రు.

పాల డెయిరీలకైతే హెచ్-2ఏ కూడా రాదు. అది సీజన్ పనికే, పాలిచ్చే ఆవుకు సీజన్ ఏడిది? దాన్ని సవరించే బిల్లు 2019, 2021ల కింది సభల పాసయింది, సెనేట్‌ల ఆగింది.

హాలియా_బత్తాయి:
కాన్సులేట్ అన్నకు దండం, ఆ హెచ్-300 నంబరు అడగమని మా గ్రూపుల పెట్టిన. ఇంకొక ముచ్చట. అదే ఏజెంటు "అది లేటయితది, విజిటర్ వీసా తీసి పంపిస్త, అక్కడ తోటల చేరుర్రి" అంటున్నడట. దాంట్ల ఏమైతది?

కాన్సులేట్_లైను:
అది మొదటి దానికన్నా చెడ్డది. విజిటర్ వీసా మీద పనిచేస్తే ఆ రోజే హోదా పోయినట్టు. గడువు దాటాక 180 రోజులు మించి ఉండి బయటికొస్తే 3 ఏళ్లు, ఏడాది, ఆపైన ఉండి బయటికొస్తే 10 ఏళ్లు మళ్లీ అడుగు పెట్టనివ్వరు. 1996 చట్టం అది. కంచె దాటి పోయి దొరికిన వాళ్లను జడ్జి ముందుకు కూడా తీసుకెళ్లకుండా తిప్పి పంపితే సాధారణంగా 5 ఏళ్ల నిషేధం. తర్వాత మళ్లీ దొంగతనంగా వెళ్తే అది జైలు కేసు.

కాగితం లేని మనిషికి కూలి ఎగ్గొడితే అడగడం కష్టం, కాంట్రాక్టర్‌కు ఆ సంగతి ముందే తెలుసు. ఆ పోరగాళ్లకు చెప్పండి: ఒరిజినల్ పాస్‌పోర్టు ఏజెంటు చేతికి ఇవ్వొద్దు, ఖాళీ బాండ్ పేపరు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఫోన్‌పే రసీదులు, వాట్సాప్ కాగితం, వాయిస్ మెసేజ్‌లు చెరిపేయకుండా దాచిపెట్టి స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాలి. దాని కాపీ హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (విదేశీ పనికి వెళ్లేవాళ్ల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) ఆఫీసుకు కూడా పంపాలి. నగదుగా ఇచ్చి ఉంటే, ఇచ్చినప్పుడు పక్కన ఎవరున్నారో వాళ్ల పేర్లు ఫిర్యాదులోనే రాయించండి.