శెనక్కాయలు తింటే బీపీ మాత్ర మానేయొచ్చా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం దగ్గర పల్లె, ఇంట్లో శెనక్కాయలకు కొదవ లేదు. మా నాయనకు బీపీ, రోజూ ఎనలాప్రిల్ మాత్ర వేసుకోవాలి. గింజల్లోని ప్రోటీన్ అరిగేటప్పుడు చిన్న ముక్కలై పెప్టైడ్లు అవుతాయని, రక్తనాళాలు బిగుసుకునేలా చేసే ఏసీఈ అనే ఎంజైమును అవి ల్యాబు పరీక్షల్లో అడ్డుకున్నాయని చదివి నేనే ఆయనకు చెప్పాను, ఆ మాత్ర పనిచేసేదీ అక్కడే కదా. అప్పటి నుంచి మాత్ర పక్కన పెట్టి, పొద్దున్నే గుప్పెడు నానబెట్టిన గింజలు ఉప్పు చల్లుకుని నములుతున్నాడు. నాకు ఒకటే టెన్షన్. 100 గ్రాముల్లో ప్రోటీన్ 25 గ్రాముల దాకా ఉంటుంది సరే, ఆ పెప్టైడ్లు కడుపులో ఇంకా తెగిపోకుండా రక్తంలోకి ఎంత చేరతాయి? వేయిస్తే తేడా వస్తుందా? మాత్ర మానొద్దని ఆయనకు ఎట్లా నచ్చజెప్పాలి? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.