ముక్కులో ఫంగస్ వల్ల చూపు దెబ్బతిన్నవారి అనుభవాలు కావాలి

గోదావరి తీరం:
మా నాన్నగారికి అరవై రెండేళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. నాలుగు రోజుల క్రితం ఎడమ చెంప తిమ్మిరెక్కి, రెప్ప వాలిపోయి, ఒకే వస్తువు రెండుగా కనిపించసాగింది. కంటి డాక్టరుగారు వెంటనే ఈఎన్‌టీకి పంపారు. ముక్కులోంచి ముక్క తీసి పరీక్షిస్తే మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) అని తేలింది. రేపే ఆపరేషన్. ఆ కంటితో ఇంకా వేళ్లు లెక్కపెట్టగలుగుతున్నారు. ఆ చూపైనా నిలుస్తుందా?

పాలమూరు వాసి:
ఆపరేషన్‌ను ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. 2021 మే నెలలో, కొవిడ్ నుంచి కోలుకుంటున్న మా అమ్మకు ముఖం నొప్పి వస్తే, మొదట చూసినచోట సైనస్ తలనొప్పి అని మాత్రలిచ్చి పంపారు. ఐదు రోజులు అలాగే పోయాయి. ముక్కు చీదితే రుమాలులో నల్లటి పెచ్చులు పడ్డాక, అప్పట్లో తెలంగాణలో ఈ జబ్బుకు నోడల్ కేంద్రమైన కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. రెండుసార్లు ఎండోస్కోపీతో కుళ్లిన భాగం తొలగించారు. ఈ ఫంగస్‌ను చంపే ఇంజెక్షన్ లైపోసోమల్ ఆంఫోటెరిసిన్‌కు కొరత ఉన్న రోజులవి, ఒక్కో వయల్ కోసం మా తమ్ముడు ఊరంతా తిరిగాడు. అమ్మ బతికింది, కుడి కన్ను మాత్రం చీకటైపోయింది. ఈ ఫంగస్ రక్తనాళాల్లోకి చొరబడి వాటిని పూడ్చేస్తుంది. కంటి లోపలి తెర రెటీనాకు రక్తం ఆగిపోయాక చూపు తిరిగి రావడం చాలా అరుదని డాక్టర్లు చెప్పారు. మీ నాన్నగారికి ఇంకా చూపు ఉంది కదా, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

విశాఖ పాఠకుడు:
నా అనుభవం వేరు. నాది అలర్జీ వల్ల వచ్చే ఫంగల్ సైనసైటిస్. సైనస్‌లో జిగురు బంకలా పేరుకున్న చీమిడి కంటి నరాన్ని నొక్కి చూపు మసకబారింది. శుభ్రం చేసి స్టెరాయిడ్ ఇచ్చాక చాలావరకు తిరిగి వచ్చింది. దయచేసి దీన్ని చూసి ఎవరూ సొంతంగా స్టెరాయిడ్ వాడకండి. మ్యూకర్‌లో అది ఫంగస్‌కు బలమిస్తుంది, షుగర్‌నూ పెంచుతుంది.

ఈఎన్‌టీ వార్డు నర్సు:
ఆంఫోటెరిసిన్ ఎక్కుతున్నన్నాళ్లు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈ మందుతో పడిపోగల పొటాషియం రిపోర్టులను మీరూ అడిగి రాసి పెట్టుకోండి. షుగర్ అదుపు తప్పితే ఎంత మంచి మందైనా సరిగా పనిచేయదు.

గోదావరి తీరం:
ఆపరేషన్ అయింది. రక్తం ఊరే మంచి కణజాలం కనిపించేదాకా తొలగించామని, కన్ను తీయాల్సిన అవసరం రాలేదని సర్జన్‌గారు చెప్పారు. పొటాషియం 3.1కి పడిపోయింది, సిరప్ మొదలుపెట్టారు. సాయంత్రం కుడి కన్ను మూసి నా వేళ్లు చూపించాను. రెండు చూపితే రెండన్నారు. నాలుగు చూపితే తడబడ్డారు. రేపు మళ్లీ చూసి రాస్తాను.