ట్రావెల్ రాడ్‌కి రీల్: బ్యాగులో పట్టేదా, రాడ్‌కి సరిపడేదా?

ఒడ్డునొకడు
మొన్న చేపలు పట్టడానికి నాలుగు ముక్కల ట్రావెల్ రాడ్ కొన్నాను. బిగిస్తే ఏడడుగులు, విప్పితే ఒక్కో ముక్క 58 సెంటీమీటర్లు. ఎర బరువు 7 నుంచి 28 గ్రాములు, లైన్ పీఈ (అల్లిన లైన్ మందం కొలత) 0.8 నుంచి 1.5 అని రాడ్ మీదే రాసి ఉంది. ఉద్యోగరీత్యా తిరుగుతుంటాను. ఒకసారి చెరువు దొరుకుతుంది, ఒకసారి నది, అదృష్టం బాగుంటే సముద్రపు జెట్టీ. నా దగ్గర 4000 సైజు స్పిన్నింగ్ రీల్ (రాడ్ కింద వేలాడేది, అంకె పెరిగితే రీల్ పెద్దది) ఒకటుంది, 290 గ్రాములు. ఆరేళ్లుగా వాడుతున్నాను, ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. దాన్నే బిగించేద్దామంటే ఒక స్నేహితుడు వద్దంటున్నాడు. "ప్రయాణానికే కదా, 1000 సైజు తీసుకో, జేబులో పడుతుంది" అంటాడు. ఇంకొకడు 2500 అంటాడు. ఒకే రాడ్, ఒకే రీల్‌తో వెళ్లేవాళ్లు ఏం వాడుతున్నారు? ఎందుకు? ముక్కలు ఎక్కువ కాబట్టి రాడ్ బలహీనమేమో అన్న భయం కూడా ఉంది.

అలలపక్క
4000 తీసుకెళ్లండి. అలవాటైన నీళ్లలో ఏ చేప ఉందో, ఎంత ఉందో మనకు తెలుసు. కొత్త చోట ఎరను ఏది అందుకుంటుందో ఎవరు చెప్పగలరు?

నేనొకసారి 2500తో జెట్టీ మీద నిలబడ్డాను. స్పూల్‌లో, అంటే లైన్ చుట్టే కండెలో, 150 మీటర్ల ఆకుపచ్చ లైన్, దాని కింద స్పూల్ నింపడానికి వేసిన తెల్లటి నైలాన్ బ్యాకింగ్. కొక్కెం తగిలీ తగలగానే చేప లోతుకు పరుగు తీసింది. నా కళ్లు స్పూల్ మీదే ఉన్నాయి. ఆకుపచ్చ పల్చబడి పల్చబడి అడుగున తెల్లగా కనబడింది. రెండు లైన్లనూ కలిపిన ముడి రాడ్ మీది ఒక్కో రింగునూ తాకుతూ వెళ్లిపోవడం అరచేతికి తెలిసింది. డ్రాగ్ (చేప లాగితే లైన్‌ని బిగువుగా వదిలే బ్రేకు) నేను ముట్టుకోలేదు, అయినా రాడ్ ఇంకా ఇంకా వంగింది. ఆ ముడి దగ్గరే తెగింది.

ఎందుకు తెగిందో తర్వాత అర్థమైంది. స్పూల్ ఖాళీ అవుతున్నకొద్దీ లైన్ చుట్టు చిన్నదవుతుంది. డ్రాగ్ వాషర్ల పట్టు మారదు, కానీ చిన్న చుట్టు మీంచి లాగాలంటే ఎక్కువ బలం కావాలి. ఆ బలమంతా లైన్ మీద టెన్షనే. చుట్టు వ్యాసం సగానికి పడిపోతే టెన్షన్ రెట్టింపవుతుంది. రెండు కిలోలకు పెట్టుకున్న డ్రాగ్ కాస్తా నాలుగు కిలోలైపోతుంది. స్పూల్ పెద్దదైతే ఆ గండం అంత త్వరగా రాదు. పైగా లోపలి పళ్ల చక్రాలు పెద్దవి, బరువైన చేపను పైకి తిప్పుకోవడం తేలిక. ప్రయాణంలో చేతికి దొరికేది ఒకే అవకాశం, 60 గ్రాముల బరువు తగ్గించుకోవడానికి దాన్ని పోగొట్టుకోవద్దు.

నీటిజాడ
అలలపక్క గారూ, టెన్షన్ లెక్కలో తప్పు పట్టేదేమీ లేదు. అయితే ఆ రోజు మిమ్మల్ని దెబ్బతీసింది 150 మీటర్ల లైన్, రీల్ సైజు కాదని నాకనిపిస్తోంది. నా షిమానో సీ3000 స్పూల్ అంచున పీఈ 1.5 అయితే 270 మీటర్లు అని ఉంది. అదే కంపెనీ 4000 మీద 320. తేడా 50 మీటర్లు. స్పూల్ వ్యాసం దీనికి 47 మిల్లీమీటర్లు, దానికి 52. సీ3000 అంటే 2500 బాడీ మీద కాస్త లోతైన స్పూల్ పెట్టిందే కాబట్టి చేతిలో 2500 లాగే ఉంటుంది. నిండా చుట్టుకుంటే మీ జెట్టీ చేపకు ఇంకా 120 మీటర్లు ఇచ్చేవారు.

డ్రాగ్ సంగతీ చూద్దాం. ఒడ్డునొకడు గారి రాడ్‌కి పీఈ 1.5 గరిష్ఠం. దాని చివర, ఎరకు ముందు, 20 పౌండ్ల లీడర్ ముక్క కట్టారనుకుందాం, అంటే సుమారు 9 కిలోలు. డ్రాగ్ పెట్టేది లైన్, లీడర్, ముడి, ఈ మూడింట్లో బలహీనమైనదాని తెగే బలంలో పావు నుంచి మూడో వంతు మాత్రమే. ముడి గట్టిగా ఉంటే 2.3 నుంచి 3 కిలోలు. నా సీ3000 గరిష్ఠ డ్రాగే 9 కిలోలు. 4000 మీద ఇంకో రెండు కిలోలు ఎక్కువ ఉంటే ఉండనీయండి, ఆ రాడ్ మీద దాన్ని ఎవరూ వాడలేరు.

అసలు గొడవ రీల్‌కి దగ్గరగా ఉండే మొదటి రింగు దగ్గర ఉంది, దాన్ని ఎవరూ చూడరు. నాలుగు ముక్కల రాడ్‌లో రింగుల చోటు జాయింట్లను బట్టి సర్దుకోవాలి కాబట్టి, రింగుల దూరాలు కొంత రాజీపడి పెట్టినవే. తేలికపాటి ట్రావెల్ రాడ్‌లకు మొదటి రింగు చిన్నదిగా ఉండటం మామూలే. పెద్ద స్పూల్ మీంచి లైన్ వెడల్పైన చుట్టలుగా ఊడి వచ్చి ఆ చిన్న రింగు అంచుకు తగులుతుంది. విసిరినప్పుడు టపటపమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చినంతసేపూ మీరు దూరం పోగొట్టుకుంటున్నట్టే. గొట్టంలోకి గొట్టం దూరే టెలిస్కోపిక్ రాడ్‌లలో ప్రతి గొట్టం చివరా ఒక రింగు తప్ప వేరే దారి లేదు కాబట్టి ఇది ఇంకా ఎక్కువ.

అందుకే నా మాట: ముందు రాడ్ మీద రాసిన లైన్, ఎర అంకెలు చూడండి, తర్వాత మొదటి రింగు, తర్వాత బరువు. బ్యాగులో పడుతుందా అన్నది ఆఖరున. 58 సెంటీమీటర్ల రాడ్ పట్టే బ్యాగులో ఏ స్పిన్నింగ్ రీలైనా పడుతుంది.

రెండువేళ్లు
1000 సైజు సలహా గురించి ఒక మాట. "తేలికైతే చాలు" అనుకుని 170 గ్రాముల రీల్ ఒకటి నా ఐదు ముక్కల రాడ్‌కి బిగించాను. రెండు గంటలయ్యేసరికి మణికట్టు లాగేసింది. రీల్ తేలికైతే చేయి ఎందుకు నొప్పి పుట్టింది? ప్రతి జాయింట్ దగ్గరా ఒక ముక్క ఇంకొకదానిలోకి దూరుతుంది, అక్కడ కార్బన్ రెండు పొరలు. ఆ అదనపు బరువంతా రీల్‌కి ముందుంది. వెనక ఆనడానికి బరువు లేక కొన కిందికి వాలుతుంటే, రోజంతా దాన్ని పైకెత్తి పట్టుకున్నది మణికట్టే.

కొనేముందు ఇలా చూడండి. రాడ్ మొత్తం బిగించి, రీల్ పెట్టి, లైన్ రింగుల్లోంచి తీసి ఎర కట్టండి. రీల్ పాదానికి కాస్త ముందు, చేత్తో పట్టుకునే చోట, రెండు వేళ్ల మీద నిలబెట్టండి. అక్కడే నిలిస్తే బాగున్నట్టు. ఎర లేకుండా చూస్తే లెక్క తప్పుతుంది.

ముక్కలు ఎక్కువైతే రాడ్ బలహీనమా అన్నారు. బాగా చేసిన జాయింట్ దానంతటది విరగదు. సడలిన జాయింట్ విరుగుతుంది. విసిరిన కొద్దీ ముక్కలు కొద్దికొద్దిగా తిరుగుతాయి, ఊడుతాయి. అరగంటకోసారి రింగులన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసి మళ్లీ బిగించుకోండి. నా మొదటి ట్రావెల్ రాడ్ ఇలాగే సడలిన జాయింట్ దగ్గర చీలింది.

తూనీగ
బెయిట్‌కాస్టర్ రీల్ గురించి ఎవరూ అనలేదు. చదునుగా ఉంటుంది, లైన్‌ని స్పూల్ మీదికి చుట్టే బెయిల్ తీగ ఉండదు, బట్టల మధ్య దూర్చేయొచ్చు.

నీటిజాడ
తూనీగ గారూ, అది రాడ్ మీదికి రావాలి కదా. బెయిట్‌కాస్టర్ రాడ్ పైన కూర్చుంటుంది, దాని రింగులు చిన్నవి, చూపుడు వేలికి ఆనే ట్రిగ్గర్ ఉన్న పిడి కావాలి. ఆయనది స్పిన్నింగ్ రాడ్. పైగా 7 గ్రాముల ఎరను మామూలు బెయిట్‌కాస్టర్‌తో ఎదురుగాలిలో విసిరితే లైన్ చిక్కు విప్పుకోవడానికే పొద్దు సరిపోతుంది.

మూటాముల్లె
బ్యాగు ఆఖరున చూడమన్నారు, ఒప్పుకుంటాను. కానీ అసలు చూడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. రీల్‌ని సాక్సులో పెట్టి బ్యాగులో అడుగున పడేశాను. దిగి చూస్తే బెయిల్ తీగ ఒక పక్కకు వంగి ఉంది. చూపుకు వెంట్రుకవాసి వంపు, అంతే. దాంతో లైన్, తీగ చివరనుండే చిన్న రోలర్ మీదికి జారడం మానేసి తీగ మీదే ఆగిపోయేది. ఆ మూడు రోజులూ ప్రతి విసురుకూ వేలితో లైన్‌ని రోలర్ మీదికి తోసుకున్నాను.

అప్పటి నుంచి స్పూల్ విడిగా తీస్తాను, హ్యాండిల్ ఊడదీస్తాను, బాడీని గట్టి డబ్బాలో పెడతాను. స్క్రూలా తిప్పి బిగించే హ్యాండిల్ ఉన్న రీల్ ఆడదు, గట్టిగా ఉంటుంది. మడత హ్యాండిల్ త్వరగా మడతపడుతుంది గానీ కొన్నాళ్లకు కీలు దగ్గర కదులుతుంది. నాకైతే మొదటిదే ఇష్టం. విమానమైతే రీల్ చేతి బ్యాగులో ఉంచి, కొక్కేలు కార్గోలో వేసే బ్యాగులో పెడతాను.

ఒకే రీల్‌తో వెళ్లేవాళ్లకు రెండో స్పూల్ రెండో రీల్‌తో సమానం. ఒకదాని మీద పీఈ 0.8, ఇంకోదాని మీద 1.5. చెరువుకు ఒకటి, జెట్టీకి ఒకటి. ఏ రీల్ కొన్నా దానికి విడి స్పూల్ దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.

అలలపక్క
నీటిజాడ గారూ, లైన్ తక్కువ చుట్టడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ చక్రాల మాట వదిలేశారు. 20 నిమిషాలు బరువు మీద తిప్పిన తర్వాత చిన్న బాడీ మెలిపడటం చేతికి తెలుస్తుంది. అంకెల్లో కనబడదు అది.

నీటిజాడ
తెలుస్తుంది, కాదనను. అయితే బరువు మీద తిప్పుతున్నామంటే అక్కడే పొరపాటు. రాడ్‌తో పైకి లేపి, కొన దించుతూ ఆ వదులైన లైన్‌ని తిప్పుకోవాలి. మీరు 10–40 గ్రాముల రాడ్‌తో రాళ్ల మధ్య పెద్ద చేపలకోసం వెళ్తున్నానంటే 4000 నేనే పెట్టమంటాను. ఆ రాడ్‌కి అది తగినది. ఇక్కడి రాడ్ వేరు.

ఒడ్డునొకడు గారూ, అంకె చూసి మోసపోవద్దు. అన్ని కంపెనీల 2500 ఒకటి కాదు. డైవా 2018లో ఎల్‌టీ వరస తెచ్చినప్పుడు కొలతలు మార్చింది. ఎల్‌టీ 2500 అంటే వాళ్ల పాత 2000 అంత. వాళ్ల పాత 2500 కావాలంటే ఇప్పుడు ఎల్‌టీ 3000 చూడాలి. పెట్టె మీద అంకె కంటే గ్రాములు, స్పూల్‌లో పట్టే లైన్ చూడండి. మీ రాడ్‌కి 210 నుంచి 250 గ్రాముల మధ్య రీల్, పీఈ 1.5 కనీసం 200 మీటర్లు పట్టాలి. ముందు మీ 4000 బిగించి విసిరి చూడండి. చప్పుడు రాకుండా, రెండు వేళ్ల మీద నిలిస్తే కొత్తది కొననే వద్దు.

ఒడ్డునొకడు
ఆదివారం వెళ్లి చూశాను. స్నేహితుడి సీ3000 సైజు రీల్ అడిగి తెచ్చుకున్నాను. రెండిటి మీదా పీఈ 1, పది మీటర్లకో రంగు మారే లైన్. అదే రాడ్, అదే 14 గ్రాముల ఎర, ఒక్కోదానితో ఇరవై విసుర్లు.

4000తో చప్పుడు వచ్చింది. మీరు చెప్పకపోయి ఉంటే వినేవాణ్ణే కాదు. లైన్ ఎక్కువసార్లు నాలుగో రంగు చివర ఆగింది. చిన్నదానితో ఐదో రంగు సగం దాకా వెళ్లింది, చప్పుడు దాదాపు లేదు. నిలబెట్టి చూస్తే 4000తో మొన నింగిని చూసింది, వెనకే బరువు. రెండోది వేళ్ల మీద నిలిచింది. నాలుగో గంటలో ఒక జాయింట్ తిరిగి ఉండటం కూడా చూశాను, రెండువేళ్లు గారూ.

అలలపక్క
ఐదారు మీటర్ల తేడా అంటే చిన్న విషయం కాదు. ఈ రాడ్‌కి నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్కటి మాత్రం వినండి. కొత్త రీల్ కొన్నాక 150 మీటర్ల చుట్ట కొని, కింద బ్యాకింగ్ వేసి సరిపెట్టుకోకండి. నడుమ ముడి లేకుండా ఒకే లైన్ నిండా చుట్టండి. స్పూల్ మీద పీఈ లైన్ పట్టు లేక జారుతుందనుకుంటే, మొదటి చుట్టు కింద ఒక చిన్న టేపు ముక్క అతికిస్తే చాలు.

ఒడ్డునొకడు
సీ3000, విడి స్పూల్‌తో తీసుకున్నాను. ఒక స్పూల్ మీద పీఈ 1.5 ఒకటే చుట్ట, టేపు ముక్క పెట్టే చుట్టాను. అంచుకు రెండు మిల్లీమీటర్లు వదిలాను.